లైసెన్సుల పొంతన ముందే చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మాదాపూర్, గచ్చిబౌలిలోని చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలు ఓపెన్ సోర్స్ కోడ్‌ను (ఎవరైనా చూసి, మార్చి, వాడుకునేలా బయటపెట్టిన కోడ్‌ను) ధారాళంగా వాడుకుంటున్నాయి గానీ, ఏ భాగం ఏ లైసెన్సు (వాడకపు షరతుల పత్రం) కింద వచ్చిందో, అవి ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో చాలాచోట్ల విడుదల గడువు ముంచుకొచ్చేదాకా చూడడం లేదు.

ఉదాహరణకు 1991 నాటి జీపీఎల్ (జనరల్ పబ్లిక్ లైసెన్సు) రెండో వెర్షన్, 2004 నాటి అపాచీ లైసెన్సు 2.0 రెండూ స్వేచ్ఛా లైసెన్సులే. అయినా అపాచీలోని, పేటెంటు దావా వేసినవారికి పేటెంటు అనుమతి రద్దవడం వంటి షరతులు జీపీఎల్ ఒప్పుకోని అదనపు ఆంక్షలు కాబట్టి, ఆ రెంటి కోడ్‌నూ కలిపి ఒకే ప్రోగ్రాముగా పంపిణీ చేయడం కుదరదని జీపీఎల్‌ను రూపొందించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెబుతోంది. 2007లో వచ్చిన జీపీఎల్ మూడో వెర్షన్ ఈ చిక్కు తీర్చింది. కనుక ఫైలు పైభాగంలో ‘రెండో వెర్షన్ లేదా ఆ తర్వాతిది ఏదైనా’ అని ఉంటే మూడో వెర్షన్ కింద రెంటినీ కలపవచ్చు; లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌లా ‘రెండో వెర్షన్ మాత్రమే’ అయితే ఆ దారి లేదు. అప్పుడు అదే పని చేసే మరో లైబ్రరీని (సిద్ధంగా దొరికే కోడ్ భాగాన్ని) వెతుక్కోవాలి, లేదా కాపీరైట్ హక్కుదారులందరి అనుమతీ తెచ్చుకోవాలి. ఇది మామూలు శ్రమ కాదు. వీఎల్‌సీ ప్లేయర్‌లోని ప్రధాన భాగాలను జీపీఎల్ కన్నా సడలింపులున్న ఎల్‌జీపీఎల్ లైసెన్సుకు మార్చడానికి ఆ బృందం ఎందరో డెవలపర్లను వెతికి పట్టుకుని సమ్మతి అడగవలసి వచ్చింది.

అసలు లైసెన్సే లేని కోడ్ ఎవరైనా వాడుకోవచ్చన్న అపోహ విద్యార్థుల్లో మరీ ఎక్కువ. అనుమతి ఇవ్వనంత వరకు హక్కులన్నీ రాసినవారివే.

నగరంలోని ఇంజినీరింగ్ కళాశాలలు చివరి ఏడాది ప్రాజెక్టు నివేదికలో వాడిన ప్రతి లైబ్రరీ పేరు, వెర్షన్, లైసెన్సు రాయడాన్ని ఈ విద్యాసంవత్సరం నుంచే తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.

— ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, హైదరాబాద్