ఈ ఏడాది మా దగ్గర పడవ తీసుకున్న తొమ్మిది మందికి

సంక్రాంతి తర్వాత మా జమ్మలమడుగు షెడ్డులో 14 అడుగుల అల్యూమినియం పడవ, 9.9 హెచ్‌పీ మోటార్ కలిపి తీసుకున్న తొమ్మిది మందికీ చెబుతున్నాను. మీ మోటార్‌కు బిగించిన ఫ్యాన్, అంటే నీళ్లలో తిరిగి పడవను ముందుకు తోసే రెక్కల చక్రం, తప్పుది. పడవ అడుగున నేను వేసిన పట్టీ కూడా తప్పు. మొదటిది సప్లయర్ పొరపాటు, రెండోది పూర్తిగా నాది. రెండూ పైసా తీసుకోకుండా సరిచేస్తాను. నాలుగు పడవలు అయిపోయాయి, ఐదు మిగిలాయి.

అన్నిటికంటే ముందు కొండాపురం వైపు నుంచి వచ్చే మామకు క్షమాపణ చెప్పుకోవాలి. మార్చిలో షెడ్డుకొచ్చి, "అబ్బోడా, వలలేసుకొని మలుపు తిప్పినప్పుడల్లా మోటార్ అరుస్తాంది, పడవ మాత్రం పోదు. గాలి తాగుతాంది" అన్నాడు. "లోడు ఎక్కువేస్తున్నావు మామా, ఐస్ పెట్టె తగ్గించు" అని పంపేశాను. ఆయన ఇంకో మాట అనకుండా వెళ్లిపోయాడు. జీవితమంతా బోర్లతో సేద్యం చేసిన మనిషి. మోటార్ నీళ్లు లాగుతోందా, గాలి పీలుస్తోందా అన్నది ఆయనకు చెవికే తెలుస్తుంది. ఆ రోజే ఆయన పడవెక్కి చూసి ఉండాల్సింది. నేను కట్టిన పడవకు వంక పెడుతున్నాడని మొహం మాడ్చుకున్నాను.

ఆ తర్వాత ఇంకో ఇద్దరు అదే మాట చెప్పారు. అప్పుడు గానీ ఫ్యాన్ విప్పలేదు.

ఫ్యాన్‌కు రెండు కొలతలుంటాయి. ఒకటి వెడల్పు. రెండోది పిచ్, అంటే ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగితే జారకుండా ఉంటే ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలన్న లెక్క. మీరు మోసేది వలలు, ఐస్, చేపలు, ఇద్దరు ముగ్గురు మనుషులు. ఆ బరువుకు నేను 8 పిచ్ ఆర్డర్ పెట్టాను. పెట్టెల మీద 8 అనే స్టిక్కర్ ఉంది. విప్పి తుడిచి చూస్తే, రెక్కలు కలిసే చోట లోహంలోనే పోతపోసిన అంకె 10. మిగతావీ విప్పించి చూస్తే తొమ్మిదికి తొమ్మిదీ అంతే.

సప్లయర్‌కు ఫోన్ చేస్తే, "మా మాల్‌లో తేడా ఉండదు, మీ ఫిట్టింగ్ చూసుకోండి" అన్నాడు. ఫొటోలు పంపాను. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు ఎత్తి, తిప్పి పంపితే చూస్తాం, రవాణా ఖర్చు మీదే అన్నాడు. పదేళ్లుగా అతని దగ్గరే సరుకు తెప్పిస్తున్నాను. ఒక్క బిల్లు కూడా గడువు దాటనివ్వలేదు. "స్టిక్కర్ తప్పు పడింది, మార్చి పంపిస్తాం" అని ఒక్క మాట అనుంటే నాకింత బాధ ఉండేది కాదు. ఇక అతని దగ్గర ఒక్క నట్టు కూడా కొనను. 8 పిచ్ ఫ్యాన్‌లు వేరే చోట నా డబ్బుతో తెప్పించాను. ఇకమీదట పెట్టె మీద ఏం రాసున్నా, లోహం మీది అంకె మీకు చూపించాకే బిగిస్తాను.

పిచ్ తగ్గితే పడవ స్పీడు పడిపోతుందని ఇద్దరు టెన్షన్ పడ్డారు. మైలవరం రిజర్వాయర్ నీళ్లలో వలలు, మూడు ఐస్ పెట్టెలు వేసుకొని, స్పార్క్ ప్లగ్ వైరుకు చుట్టే చిన్న మీటర్ పెట్టి కొలిచాను. 10 పిచ్‌తో ఫుల్ రేస్ ఇచ్చినా 4,700 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాటలేదు. ఈ మోటార్ ఫుల్ రేస్‌లో 5,000కూ 6,000కూ మధ్య తిరగాలి. బరువు మీద అంతకంటే కింద ఈడ్చుకుంటూ తిరిగితే ఇంజిన్ దెబ్బతింటుంది. 8 పిచ్‌తో అదే లోడు మీద 5,100 వచ్చింది. ఫోన్‌లో చూస్తే గంటకు 24 కిలోమీటర్లు, పాత ఫ్యాన్‌తో వచ్చినదాని కంటే ఒక కిలోమీటర్ ఎక్కువే.

అయినా మలుపులో అరుపు పోలేదు. నాకు నిద్ర లేకుండా చేసింది ఇదే.

గండికోట రిజర్వాయర్‌లో గాలికి పడవ పక్కకు కొట్టుకుపోతోందని మీరే అన్నారని, ఈ ఏడాది అడుగున నిలువునా ఒకటిన్నర అంగుళాల పట్టీ వెల్డింగ్ చేశాను. దాన్ని తిన్నగా మోటార్ బిగించే వెనక చెక్క దాకా తీసుకొచ్చి మొండిగా ముగించాను. మోటార్ ఎత్తు మాత్రం పాత పడవల లెక్కే: ఫ్యాన్ పైన రెక్కలా ఉండే పలక పడవ అడుగుతో సమానంగా ఉండాలి. ఆ లెక్క తప్పు కాదు. కానీ పట్టీ తెగిన చోట నీళ్లు సుడి తిరిగి, ఆ బుడగలన్నీ నేరుగా ఫ్యాన్ మీదికి పోతున్నాయి. మలుపులో పడవ ఒరిగితే ఇంకా ఎక్కువ. అప్పుడు ఫ్యాన్‌కు పట్టు తప్పుతుంది, ఇంజిన్ ఒక్కసారిగా రేస్ అవుతుంది. మామ చెప్పిన గాలి ఇదే.

మోటార్‌ను ఒక అంగుళం దించితే సరిపోతుంది. సులువైన పని, వెనక చెక్క కోస్తే చాలు, నా పట్టీ జోలికి పోనక్కర్లేదు. మూడు రాత్రులు నా మనసు దాని వైపే లాగింది. మోటార్ ఎత్తు మార్చి మార్చి మైలవరంలో తిప్పాను. అంగుళం దించితే అరుపు ఆగింది. కానీ మోటార్ కాలు నీళ్లను చీల్చి వెనక చెక్క మీదుగా పడవలోకే చిమ్మింది, స్పీడు 22కు పడింది. పైగా గండికోటలో నీళ్లు తగ్గే కొద్దీ, మునిగిన ఊళ్ల వైపు ఎక్కడ మొండిగోడ ఉందో, ఎక్కడ తుమ్మ మొద్దు ఉందో పైకి కనిపించదు. అక్కడ ఒక్క అంగుళం లోతు పెరిగినా గేర్‌కు ముప్పే. ఆ ముప్పు మీ నెత్తిన పెట్టడానికి మనసొప్పలేదు.

నాలుగో రోజు పొద్దున గ్రైండర్ పట్టుకొని నా పట్టీ నేనే కోశాను. వెనక చెక్కకు అడుగున్నర ముందు నుంచి ఏటవాలుగా చెక్కుకుంటూ వచ్చి, చివర అడుగుతో కలిపేశాను. ఆ వెల్డింగ్ ఎంత ఇష్టంగా చేశానో నాకే తెలుసు. మోటార్‌ను పాత ఎత్తులోనే పెట్టి, లోడుతో ఎడమకూ కుడికీ గట్టిగా తిప్పాను. అరవలేదు. ఇంజిన్‌ను చల్లబరిచి మోటార్ పక్క నుంచి చిమ్మే నీటి ధార ఎక్కడా తెగలేదు. పక్కగాలిలో కూడా పడవ దారి తప్పలేదు, ముందున్న పట్టీ చాలింది.

కొందరు స్పీడు కోసం 11 పిచ్ అడుగుతున్నారు, ఇంకొందరు స్టీల్ ఫ్యాన్ అడుగుతున్నారు. చేపల పడవకు నేను రెండూ ఇవ్వను. వేరే చోట కొనుక్కుంటామంటే మీ ఇష్టం. అల్యూమినియం ఫ్యాన్ మొద్దుకు తగిలితే రెక్క వంగుతుంది, రెక్క పోయినా గేర్ మిగులుతుంది. స్టీల్ అంత తేలిగ్గా వంగదు, ఆ దెబ్బ గేర్ మీద పడుతుంది.

మిగిలిన ఐదుగురూ ముందు రోజు ఫోన్ చేసి రండి. పట్టీకి, ఫ్యాన్‌కు ఒక పూట చాలు. ఎత్తు మాత్రం షెడ్డులో టేపుతో తేల్చను. మైలవరం తీసుకెళ్లి, మీ వలలు, మీ ఐస్ పెట్టెలు వేసి, మీరే నడుపుతుంటే చూస్తాను. అప్పటిదాకా మలుపులో రేస్ తగ్గించండి. పక్క ధార ఆగితే వెంటనే మోటార్ ఆపేయండి.

మామ పడవ కోసం ఆదివారం నేనే వస్తున్నాను, ఆయన తేవక్కర్లేదు. పాత ఫ్యాన్‌లు మాత్రం ఎవరూ పారేయకండి. తొమ్మిదీ ఒకే పెట్టెలో పెట్టి, రవాణా కట్టి, ఆ సప్లయర్‌కు పంపించాలి.