కౌలు కార్డుకు యజమాని సంతకం ఎందుకు?

సంపాదకునికి,

మాది బాపట్ల దగ్గర పల్లె. మూడెకరాలు కౌలుకు చేస్తున్నాను. ఎకరాకు 25 బస్తాలు కౌలు. పంట పండినా పోయినా కొలవాల్సిందే. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు కోతకొచ్చిన వరి నేలకొరిగింది. నీళ్లలో నానిన వెన్నులకు మొలకలొచ్చాయి. నష్టం రాయించుకుందామని వెళితే కౌలు కార్డు, అంటే పొలం సాగు చేసేది నేనేనని ప్రభుత్వం ఇచ్చే కార్డు, అడిగారు. నా దగ్గర లేదు.

2011 చట్టం కింద యజమాని సంతకం లేకుండానే రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. దాని స్థానంలో వచ్చిన 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు కార్డుకు 11 నెలల ఒప్పందంపై యజమాని సంతకం కావాలంటోంది. మా ఆసామి మంచివారే. కానీ సంతకం అనగానే పొలం చేజారిపోతుందేమోనని టెన్షన్ పడతారు. ఈ కార్డుతో కౌలు రైతుకు భూమి మీద ఏ హక్కూ రాదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను గట్టిగా అడిగితే వచ్చే ఏడు ఆ పొలం ఇంకొకరికి పోతుంది. బ్యాంకు అప్పు లేక ఎరువుల కొట్లో అరువు తెస్తున్నా, పండిన ధాన్యం వాళ్లకే వేస్తున్నా.

ప్రభుత్వం ఆ సంతకం నిబంధన తీసేయాలి. చేను ఎవరు చేస్తున్నారో గ్రామసభలో అడిగితే గట్టు పక్క రైతులే చెబుతారు. ఆ మాట మీద కార్డు ఇవ్వండి, అదీ ఖరీఫ్ నాట్లకు ముందే.

- ఒక కౌలు రైతు, బాపట్ల జిల్లా