జ్వరం తగ్గిందా, మాత్ర తగ్గించిందా?

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెలలో ఒకరోజు పదకొండు దాటాక, రెండో తరగతి పాపను వాళ్ల టీచర్ నా గదికి తీసుకొచ్చారు. పొద్దున వరుసలో బాగానే నిలబడింది. ఇప్పుడు కళ్లు ఎర్రబడ్డాయి, ఒళ్లు కాలిపోతోంది. చంకలో థర్మామీటర్ పెడితే 101 దాటింది. "పొద్దున కూడా జ్వరం ఉందా అమ్మా?" అని అడిగాను. తల ఊపి, పెన్సిల్ బాక్సు తెరిచి చూపించింది. రబ్బరు పక్కన, కాగితంలో మడిచిన సగం మాత్ర. "మధ్యాహ్నం వేసుకోమంది అమ్మ. టీచర్‌కి చెప్పొద్దంది."

వాళ్లమ్మగారు ఆఫీసు నుంచి ఉరుకులు పరుగుల మీద వచ్చారు. నేను నోరు తెరవక ముందే, "ఈ నెలలో ఇప్పటికే రెండు సెలవులు పెట్టాను మేడమ్" అన్నారు. నాకు కోపం రాలేదు. రెండేళ్ల కిందట ఒంట్లో జ్వరం పెట్టుకుని, మాత్ర వేసుకుని, తనిఖీ ఉందని స్కూలుకి వచ్చినదాన్ని నేనే. నాలుగు రోజులు తిరక్కుండా స్టాఫ్ రూమ్‌లో సగంమంది దగ్గుతూ కూర్చున్నారు. నా వల్లేనని రుజువేమీ లేదు గానీ, వాళ్ల మధ్యనే కూర్చుని టీ తాగాను మరి. (పాప సంగతి వాళ్లమ్మగారిని అడిగాకే రాస్తున్నాను. "రాయండి, నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు" అన్నారు.)

పారాసెటమాల్ పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలు. అది ఒంటి వేడిని దించుతుంది తప్ప వైరస్‌ని ఏమీ చేయదు. పొద్దున ఏడింటికి వేస్తే పదకొండింటికి మాత్ర పని అయిపోతుంది, జ్వరం మళ్లీ తలెత్తుతుంది. ఈలోగా బెంచీలో పక్కనున్న ముగ్గురికీ అంటాల్సింది అంటుతుంది. ఫ్లూ అయితే లక్షణాలు కనిపించడానికి ఒకరోజు ముందు నుంచే అంటుకుంటుంది, ఆ తర్వాత అయిదు నుంచి ఏడు రోజుల వరకు, చిన్నపిల్లల్లో ఇంకాస్త ఎక్కువ రోజులు అంటుకునే అవకాశం ఉంటుంది. మొదటి మూడు రోజులు మరీ ఎక్కువ. మనం "పర్లేదులే, వెళ్లు" అని పంపేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

అందుకే ఈ చలికాలం మా బడిలో ఒకే లెక్క: మాత్ర వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే పంపండి. వాంతులు, విరేచనాలు అయితే ఆగిపోయాక 48 గంటలు చూడండి. ఇదే లెక్క టీచర్లకీ, ఆయాలకీ, నాకూ.

అలాగని ముక్కు కారినప్పుడల్లా ఇంట్లో కూర్చోబెట్టమని కాదు. చిన్నపిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబు చేయడం మామూలే. జలుబు పోయినా దగ్గు రెండు మూడు వారాలు ఉండిపోవచ్చు. జ్వరం లేదు, తింటోంది, ఇల్లంతా గెంతుతోంది అంటే నిశ్చింతగా పంపండి, జేబులో రుమాలు పెట్టి.

ఇందులో మా తప్పూ ఉంది. ఏడాదంతా ఒక్కరోజూ మానని పిల్లలకి వార్షికోత్సవంలో స్టేజీ మీద సర్టిఫికెట్ ఇస్తూ వచ్చాం. చేతికి సర్టిఫికెట్ ఇస్తూ, వీళ్లలో ఎంతమంది జ్వరంతో వచ్చి ఉంటారా అని నేనెన్నడూ ఆలోచించలేదు. ఈ ఏడాది నుంచి ఆ బహుమతి తీసేశాం. దాని కోసం ఎదురుచూస్తున్న పిల్లలు చిన్నబుచ్చుకుంటారని తెలుసు, వాళ్లతో నేనే మాట్లాడతాను.

మందుల దగ్గర ఒక మాట. చాలా జలుబు సిరప్‌లలో పారాసెటమాల్ కలిసే ఉంటుంది. సిరప్ పోసి, పైన మాత్ర కూడా వేస్తే మోతాదు రెట్టింపై కాలేయానికి చేటు. సీసా మీద చిన్న అక్షరాలు ఓపిగ్గా చదవండి. పిల్లలకి మోతాదు బరువును బట్టి డాక్టర్ చెప్పాలి. అక్కకి ఇచ్చినంతే తమ్ముడికీ అంటే కుదరదు. జ్వరానికి పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వకూడదు. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ అసలే వద్దు. జలుబు, ఫ్లూ వైరస్‌ల వల్ల వచ్చేవి, వాటి మీద అది పనిచేయదు.

"చలిగా ఉంటే కిటికీలు తెరుస్తారేంటి?" అని ముగ్గురు నలుగురు ఫోన్ చేశారు. ఒట్టి చలికే జలుబు రాదండీ. చలికని తలుపులు బిగించుకుని, అందరం ఒకే గాలి పీల్చుకుంటూ కూర్చోవడంతో వస్తుంది. పొడిగాలిలో ఫ్లూ వైరస్ ఎక్కువసేపు బతుకుతుంది కూడా. అందుకని ప్రతి గదిలో ఎదురెదురుగా రెండు కిటికీలు కాస్త తెరిచే ఉంచుతాం, మీరు స్వెటర్ వేసి పంపండి. మీ ఆఫీసు గదిలోనూ గంటకోసారి తలుపు తీసి చూడండి. ఇంట్లో మాత్రం తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకోకండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

చేతులు కడగమని ప్రతి ఏడూ చెబుతూనే ఉన్నాం. ఈసారి భోజనాల బెల్లు కొట్టాక వెళ్లి కొళాయి పక్కన నిలబడి చూశాను. అరచేతులు రెండూ ఒకసారి రుద్దుకుని పరుగు. బొటనవేళ్లు, గోళ్ల చివర్లు పొడిగానే ఉన్నాయి! సబ్బుతో 20 సెకన్లు రుద్దాలి, వేళ్ల సందులతో సహా. ఇప్పుడు నెమ్మదిగా ఇరవై అంకెలు లెక్కపెడుతూ కడుగుతున్నారు. ఇంట్లోనూ లెక్కపెట్టించండి, మీరూ లెక్కపెట్టండి. వాంతులు తెప్పించే కొన్ని వైరస్‌లకి శానిటైజర్ అంతగా చాలదు, సబ్బే దిక్కు.

నిద్ర సంగతి చెబితే మీకు విసుగు రావచ్చు గానీ, ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి తొమ్మిది గంటలకి తగ్గకూడదు. ఇంట్లో వాళ్లందరికీ ఫ్లూ టీకా గురించి డాక్టర్‌ని అడగండి. వేయించుకున్నాక పనిచేయడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, కాబట్టి ఇంట్లో ఒకరు పడ్డాక పరుగెత్తితే లాభం తక్కువ.

ఊపిరి వేగంగా తీస్తున్నా, పక్కటెముకల దగ్గర లోపలికి గుంజుతున్నా, పెదాలు నీలంగా కనిపించినా, లేపితే సరిగా లేవకపోయినా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా ఇంకేమీ ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. జ్వరం తగ్గి, మళ్లీ ఎక్కువై వచ్చినా డాక్టర్‌కి చూపించండి.

పిల్లలు రాలేని రోజు పొద్దున ఒక్క మెసేజ్ పెడితే చాలు, సెలవు చీటీ తర్వాత ఇవ్వొచ్చు. పాఠాలు, హోంవర్కు సాయంత్రం క్లాస్ టీచర్ పంపుతారు. స్కూల్లో వేయాల్సిన మందు ఏదైనా ఉంటే డాక్టర్ చీటీతో సహా ఆఫీసులో ఇవ్వండి, మేమే వేస్తాం. ఎంత ప్రయత్నించినా సెలవు దొరకనివాళ్లు నాకు ఫోన్ చేయండి, ఏం చేయొచ్చో కలిసి చూద్దాం.

ఆ పాప నాలుగు రోజులకి తిరిగొచ్చింది. నా గది ముందు ఆగి, అడక్కుండానే పెన్సిల్ బాక్సు తెరిచి చూపించింది. రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు