వాసూ, ఆ పుస్తకం చూసి తీరాలిరా!

ఒరేయ్ వాసూ,

ఇన్నాళ్లూ జవాబు రాయలేదని కోపంగా ఉండుంటావు, క్షమించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చిన్నదాన్ని స్కూల్లో వేశాం, ఇల్లు మారాం. మిగతావి ఫోన్‌లో. ఇది మాత్రం ఇప్పుడే చెప్పేయాలి.

పాటల హక్కుల లెక్కలు సరిచూసే ఈ పాటల కరణం (నాకా బిరుదు ఇచ్చింది నువ్వే కదా!) దగ్గరికి ఈమధ్య ఒక చిన్న ఆడియో కంపెనీ కేటలాగ్ వచ్చింది. అన్నీ తమిళం నుంచి డబ్ అయిన సినిమాలు. షీట్ తెరిస్తే తెలుగు పాటలకి కూడా రచయిత గడిలో తమిళ కవి పేరే! ఎవరో తమిళ పాట వివరాలు కాపీ చేసి, పాట పేరు మాత్రం మార్చి వదిలేశారు. తెలుగు మాటలు రాసినాయన పేరు కొన్నిచోట్ల ఉందిగానీ, ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట చివర, మరోచోట ఉత్త ఇనిషియల్సే, 'టి' పక్కన 'హెచ్' ఒకసారి ఉంటే ఒకసారి లేదు. పక్కన ఐపీఐ నంబరు (ఒక్కో రచయితనీ గుర్తుపట్టడానికి ఇచ్చే సంఖ్య) గడి ఖాళీ. ఆ 11 అంకెలు లేకపోతే ఈ పేర్లన్నీ ఒక్క మనిషివేనని సిస్టమ్‌కి ఎలా తెలుస్తుంది?

రికార్డింగ్‌కి ఐఎస్‌ఆర్‌సీ అని ఒక కోడ్, రాసి బాణీ కట్టిన పాటకి ఐఎస్‌డబ్ల్యూసీ అని ఇంకో కోడ్ ఉంటాయిరా. స్ట్రీమింగ్ కంపెనీల లెక్కలు రికార్డింగ్ కోడ్ మీదే వస్తాయి. ఈ రెండింటికీ ముడి పడకపోతే ఆడియో కంపెనీ డబ్బు దానికి చేరిపోతుంది, రచయిత వాటా మాత్రం ఎటూ కాకుండా ఆగిపోతుంది. పాటేమో రోజూ ఎక్కడో మోగుతూనే ఉంటుంది! నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ తెలుగు మాటలు రాసినాయన పోయి కొన్నేళ్లయింది. భార్య నంబరు సంపాదించి ఫోన్ చేశా. "సంతకం పెట్టి డబ్బు తీసుకున్నారు కదా బాబూ, ఇంకేం వస్తుంది?" అన్నారావిడ. అదేరా అసలు బాధ. 1977లో సుప్రీంకోర్టు సినిమా పాట హక్కు నిర్మాతదేనని చెప్పాక చాలామంది అదే నమ్మకంతో బతికేశారు. 2012లో కాపీరైట్ చట్టం మార్చారని, సినిమా హాల్లో కాక బయట ఎక్కడ వాడినా రాయల్టీలో రచయితకి సమాన వాటా ఉంటుందని, ఏ అగ్రిమెంటు మీద సంతకం పెట్టినా అది పోదని, వారసులకీ, రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్‌ఎస్ లాంటి సొసైటీకీ తప్ప ఇంకెవరికీ రాసివ్వడం కుదరదని చెప్పా. ఈ పాటలన్నీ ఆ తర్వాతవే. పైగా ఆయన పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆయన పుస్తకం ఒకటుంది, పనికొస్తుందా?" అన్నారు.

పనికొస్తుందా ఏమిటి! ఇంటికి వెళ్లి చూశా. లాంగ్ నోట్‌బుక్. ఒక్కో పేజీలో సినిమా పేరు, తమిళ పల్లవి తెలుగు లిపిలో, దాని కింద పెదవుల కదలికకి సరిపోవాల్సిన చోట్ల ఎర్ర సిరా గీతలు, ఆ గీతల కింద ఆయన మాటలు, కొట్టివేతలు, మళ్లీ మాటలు, మూలన రికార్డింగ్ తేదీ. "మ"కి "మ"నే వెయ్యాలని ఒకే పాదాన్ని ఎన్నిసార్లు తిరగరాశాడో! మనం హాస్టల్లో డబ్బింగ్ పాటలంటే... సరే, ఆ 'గోంగూర పల్లవి' సంగతి మళ్లీ ఎత్తనులే.

ఆ తేదీలు పట్టుకుని ఒక్కో రికార్డింగ్‌కీ సరిపోల్చుతున్నా. ప్రతి తెలుగు పాటనీ తమిళ మూలానికి అనుసరణగా విడిగా నమోదు చేసి, ఆయన్ని రచయితగా చూపించాలి, ఐపీఐ నంబరు తగిలించాలి. ఆవిడ వారసత్వ కాగితాలు సొసైటీకి పంపేశాం. పాత బకాయిలు ఎంతవరకు వస్తాయో మాత్రం...

మేనేజర్ పిలుస్తున్నాడు, షీట్ సాయంత్రంలోగా వెళ్లాలి. మీ బాబాయి హరికథలు రాసేవారు కదా, కేసెట్లు కూడా వచ్చాయి, ఆ అగ్రిమెంట్లు ఎక్కడున్నాయో వెతికి ఫోటోలు పంపు, వెంటనే.

నీ
రాజు