జనవరి వార్తాలేఖ: తాటిచెట్టు కరెంటు స్తంభమైన సంగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

సెలవులకు ముందు, ఇళ్ల నుంచి వచ్చిన విరిగిన బొమ్మల్ని పిల్లలతో బాగుచేయించి బడిలో పెట్టిన బొమ్మల కొలువు గురించి వాట్సాప్ గ్రూపులో మూడు రోజులుగా నడుస్తున్న చర్చ నా దాకా వచ్చింది. "అమ్మమ్మగారి కొండపల్లి బొమ్మని బడిలో కోసేశారట" అన్నదాంట్లో సగమే నిజం. దేవుడి బొమ్మలు వేటినీ కోయలేదు. గొడ్డలి పోగొట్టుకున్న పరశురాముడికి ఐస్‌క్రీం పుల్లతో కొత్త గొడ్డలి చెక్కి పెట్టారు, అంతే.

కోసింది తాటిచెట్టు బొమ్మని. మట్టలన్నీ ఎప్పుడో విరిగిపోయి, ఉత్త మొద్దు మీద గీత కార్మికుడితో బడికొచ్చింది. ఏడో తరగతి పాప ఒకటి, వాళ్ల నాన్న లైన్‌మన్, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "మేడమ్, ఇది కరెంటు స్తంభానికి పనికొస్తుంది" అంది. పైముక్క కోసేసి, అక్కడ చెక్కముక్క అడ్డంగా అతికించింది. తలపాగా మీద మక్కు, అంటే జిగురు కలిపిన రంపపు పొట్టు ముద్ద, మెత్తి హెల్మెట్ చేసింది. నడుముకున్న కల్లుకుండ పనిముట్ల సంచి అయింది. చెట్టుకీ నడుముకీ చుట్టిన మోకు మాత్రం ముట్టుకోలేదు. "మా నాన్న బెల్టూ ఇలాగే ఉంటుంది మేడమ్" అంది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో నాకు ఇంత మంచి జవాబు ఏ ప్రశ్నకీ రాలేదు.

అయితే కోసేముందు ఇంటికి చీటీ పంపి అడగాల్సింది. అడగలేదు, తప్పు మాదే. అమ్మమ్మగారికి స్వయంగా చెప్పుకున్నాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని బొమ్మని చాలాసేపు చూసి, "స్తంభం సరే, తీగలేవి?" అన్నారు.

పాత బొమ్మని మారిస్తే పాడుచేసినట్టే అని రాసినవారికి ఒక్కమాట. కొండపల్లి బొమ్మ పుట్టుకతోనే అతుకుల బొమ్మ. తెల్ల పొణికి కర్రని సెగ చూపించి ఆరబెట్టి, ఒళ్లు వేరే, చేతులు వేరే చెక్కుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికిస్తారు. ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూసి, ఆపైన రంగులు వేస్తారు. విరిగిన చెయ్యి అతకడానికీ కొత్త చెయ్యి పెట్టడానికీ పని ఒక్కటే. మన పిల్లలు చింతగింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉడకబెట్టారు. మొదటి వాయి మాడింది. రెండోది నీళ్లలా వచ్చింది. మూడోదానికి చెయ్యి నిలబడింది! విజయవాడకి ఇంత దగ్గర్లో కొండపల్లి పెట్టుకుని, ఈ పని మన పిల్లలకి వీడియోలో చూపించాల్సి రావడం నాకు నచ్చదు. ఫిబ్రవరిలో అక్కడి బొమ్మల కాలనీకి తీసుకెళ్తాను.

ఇక ఇళ్లలో ఉన్న ఫెవిక్విక్ సంగతి. మీ శ్రద్ధకు కృతజ్ఞతలు. కానీ వచ్చిన పదకొండు బొమ్మల్లో తొమ్మిదింటికి అది గడ్డకట్టి ఉంది. దాన్ని గీకడానికే రెండు పీరియడ్లు పోయాయి. విరిగితే విరిగినట్టే పంపండి. అలాగే నాలుగో తరగతి బాబు పేరుతో వచ్చిన ఎడ్లబండి చాలా బాగుంది. ఆ గీతలు గీసిన చెయ్యి చాలా అనుభవమున్న చెయ్యి. వారికి నా అభినందనలు. మార్కులు మాత్రం బాబుకే వేయాలి కాబట్టి, వాడితో ఇంకొకటి చేయించి పంపగలరు.

ఫీజు గడువు నెలాఖరు, పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం, రెండో నంబరు బస్సు పది నిమిషాలు ముందొస్తుంది.

కోసిన తాటిమొద్దు పైముక్క నా టేబుల్ సొరుగులో ఉంది, ఆ ఇంటివాళ్లు ఎప్పుడైనా తీసుకెళ్లవచ్చు. తీగలకి పాత ఇయర్‌ఫోన్ వైరు ఎవరింట్లోనైనా ఉంటే పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు