పాత జీపుల సంఘం వార్షిక నివేదిక: ముందుగా ఒక తప్పు దిద్దుకుందాం

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల కాగితం విడిగా జత చేశాం, ఆడిటర్ గారు చూసి సంతకం పెట్టారు, అందుకని ఇక్కడ డబ్బు సంగతి ఎత్తడం లేదు. ముందు చెప్పాల్సింది పోయినేడాది మన పుస్తకంలో దొర్లిన తప్పు గురించి. జీపును తయారుచేసిన మొదటి కంపెనీ విల్లీస్ అని పెద్దక్షరాల్లో వేశాం. రిటైరైన మాస్టారు ఒకాయన, మన సభ్యుడే, పుస్తకం అందిన రోజే ఫోన్ చేసి "బాంటమ్ వాళ్ల పేరేదండీ, అన్యాయం కదా" అన్నారు. ఆ మాట పట్టుకుని ఈ ఏడాది నెలవారీ సమావేశాల్లో సగం చరిత్రకే కేటాయించాం.

1940లో అమెరికా సైన్యం చిన్న నిఘా బండి కావాలని 135 కంపెనీలకు కబురు పెడితే, నమూనా బండి 49 రోజుల్లో తెచ్చిస్తామని మాటిచ్చింది పెన్సిల్వేనియాలోని బట్లర్ అనే ఊళ్లో ఆర్థికంగా చితికిపోయి ఉన్న అమెరికన్ బాంటమ్ ఒక్కటే. కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజినీరు గీసిన ఆ బండి సెప్టెంబరు 23న, ఇంకో అరగంటలో గడువు ముగుస్తుందనగా, హోలాబర్డ్ సైనిక శిబిరానికి చేరింది. బండి నచ్చింది కానీ ఫ్యాక్టరీ చిన్నది, అడిగినన్ని చేయలేరని భయపడి సైన్యం ఆ డ్రాయింగులు విల్లీస్‌కీ, ఫోర్డ్‌కీ ఇచ్చేసింది. చివరికి బాంటమ్‌కి దక్కింది జీపు వెనక తగిలించే ట్రెయిలర్ల ఆర్డరు. మాస్టారు ఇది చదివి వినిపించాక కాసేపు ఎవరం మాట్లాడలేకపోయాం.

అలాగని విల్లీస్ గొప్పదనం తగ్గదు. ఇంజిన్ వాళ్లదే, అంతకుముందు 48 హార్స్‌పవర్ ఇచ్చేదాన్ని వాళ్ల చీఫ్ ఇంజినీరు బార్నీ రూస్ 60కి తెచ్చాడు. చిక్కల్లా బరువుతోనే, సైన్యం పెట్టిన హద్దు 2,160 పౌండ్లు, అంటే దాదాపు 980 కిలోలు. మంచి ఇంజిన్ వదులుకోవడం ఇష్టంలేక రూస్ బండి మొత్తం విప్పించి, ముక్కముక్కా తూచి, పొడవెక్కువైన బోల్టుల కొసలు కోయించి, రంగు కూడా ఒక్క పూతతో సరిపెట్టాడు.

ఇక ఫోర్డ్ వాళ్లకి బోల్టు తలమీద కూడా తమ ఎఫ్ అక్షరం కొట్టే అలవాటుండేది. వేసవిలో షెడ్డులో ఒక సభ్యుడి పాత బండి చాసిస్‌ని కిరోసిన్‌తో కడుగుతుంటే జిగట గ్రీజు కింద అలాంటి బోల్టొకటి బయటపడింది, మెకానిక్ కుర్రాడు దాన్ని బనీను గుడ్డతో తుడిచి అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించాడు. ఆ ఒక్క బోల్టుతో బండి ఫోర్డ్‌దని చెప్పలేం, ఆ రోజుల్లో ఏది సరిపోతే అది బిగించేవారు. అయినా యుద్ధకాలం నాటి ఇనుప ముక్క మన షెడ్డులో కనబడితే ఒళ్లు పులకరించింది.

మన దేశం కథ తెలిసిందే, క్లుప్తంగా రాస్తాను. 1945లో ఉక్కు వ్యాపారంతో మొదలైన మహీంద్రా అండ్ మహమ్మద్, భాగస్వామి గులాం మహమ్మద్ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లి అక్కడ తొలి ఆర్థికమంత్రి కావడంతో, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. విల్లీస్ జీపుల్ని బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది వాళ్లే. మనలో ఎక్కువమంది దగ్గర ఉన్నది సీజే-3బీ అనే విల్లీస్ మోడల్ జీపు. దాని బానెట్ అంత ఎత్తెందుకని కొత్త సభ్యులు అడుగుతూ ఉంటారు. 1953లో వచ్చిన ఆ మోడల్‌కి హరికేన్ ఇంజిన్ పెట్టారు, అందులో గాలీ పెట్రోలూ లోపలికొచ్చే ఇన్‌లెట్ వాల్వులు పైకి, ఇంజిన్ మూతలాంటి హెడ్‌లోకి వెళ్లాయి, పొగ బయటికిపోయే ఎగ్జాస్ట్ వాల్వులు మాత్రం కింద బ్లాకులోనే పక్కకు ఉండిపోయాయి, దాంతో ఇంజిన్ ఎత్తు పెరిగి బానెట్‌నీ లేపాల్సి వచ్చింది. అంటే ఆ ఇంజిన్ తీసేస్తే ఆ ఎత్తుకి అర్థమే ఉండదు.

ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. ఈ ఏడాది మన సభ్యుడొకరు రిపేరుకని ఒక వర్క్‌షాపులో బండి వదిలితే, ఆయన్ని అడగకుండానే అసలు పెట్రోలు ఇంజిన్‌ని తుక్కు కింద అమ్మేసి డీజిల్ ఇంజిన్ బిగించారు. ఆయన బాధ చూడలేకపోయాం. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఆ బండిని రోజువారీ తిరుగుళ్లకి వాడకూడదన్న షరతూ ఉంది, అది చూసుకునే దరఖాస్తు చేయండి. కాగితాలు నింపడంలో టెన్షన్ పడొద్దు, కమిటీవాళ్లం పక్కన కూర్చుని నింపిస్తాం.

డీజిల్‌కి మార్చుకున్నవాళ్లని తప్పుపట్టడం లేదు, పెట్రోలు ధర భరించలేక చేసిన పని అది. మీ పాత ఇంజిన్ పశువుల కొట్టంలోనో మేడమెట్ల కిందో పడి ఉంటే మాత్రం తుక్కువాడికి ఇవ్వొద్దు, మాకో ఫోన్ చేయండి. ట్రాలీ తీసుకుని మేమే వస్తాం.