"ఇంకా ఏం కాలేదు కదమ్మా" అంటే, ఎప్పుడు అవుతుంది సార్?

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. బడిలో మా బాబును తోటి పిల్లాడు బెదిరించిన విషయం మీద నేను రాస్తున్న మొదటి కాగితం కాదిది. ముందు ఇచ్చిన మూడు అర్జీలు ఎక్కడ ఆగాయో తెలీదు. ఒకదానికి మాత్రం ఫోనుకు మెసేజ్ వచ్చింది, 'మీ అర్జీ పరిష్కరించబడింది' అని. అది వచ్చిన రోజుకి మా బాబు కనుబొమ్మ మీద కుట్లు ఇంకా తీయలేదు.

మాది ముషీరాబాద్. నేనూ మా ఆయనా కర్రీ పాయింట్ నడుపుతాం. బాబు ఎనిమిదో తరగతి, ప్రైవేటు బడి. బడి పేరు, ఆఫీసుల పేర్లు రాయడం లేదు. ఒక్కరి మీద కోపంతో రాస్తున్నానని పక్కన పెట్టేస్తారని భయం.

బోనాల సెలవు అయ్యాక మొదలైంది. నోటుబుక్కులో చీటీ. 'గేటు బయట దొరుకు, నీ సంగతి చెప్తా' అని. రెండో చీటీలో వాడు వచ్చే దారి, ట్యూషన్ నుంచి బయటపడే టైము రాసి ఉన్నాయి. మూడోది చీటీ కాదు, క్లాసు పిల్లల ఇన్‌స్టాగ్రామ్ గ్రూపులో వాయిస్ మెసేజ్. అందరూ విన్నారు, నవ్వే బొమ్మలు పెట్టారు. మా వాడు అన్నం సగంలో వదిలేసి లేచిపోవడం మొదలుపెట్టాడు.

చీటీలు పట్టుకుని బడికి పోయాను. మధ్యాహ్నం పన్నెండుకి షాపు వదిలి పోవడమంటే ఆ పూట సాంబారు మిగిలిపోవడమే. క్లాస్ టీచరమ్మ చూసి, "పిల్లలన్నాక ఉంటాయండీ" అన్నారు. ప్రిన్సిపల్ మేడమ్ దగ్గరికి పంపారు. ఆమె అన్న మాట: "ఇంకా ఏం కాలేదు కదమ్మా." వారం తర్వాత మళ్లీ పోయాను. అదే మాట. కరస్పాండెంట్ సారు కూడా అదే మాట, కాకపోతే ఆయన టీ ఇప్పించారు. చీటీలు మా దగ్గర ఉంచండి అన్నారు, ఇచ్చాను. నా తెలివితక్కువతనం. తర్వాత అడిగితే ఏ చీటీలు అన్నారు.

మీ శాఖ ఆఫీసుకూ పోయాను. అక్కడ ఒకాయన ఓపిగ్గానే విన్నారు, అబద్ధం చెప్పను. "ఏమైనా జరిగితే రండి, యాక్షన్ తీసుకుంటాం" అన్నారు. అర్జీ తీసుకుని స్టాంపు కొట్టారు.

దసరా సెలవులకు ముందు, నల్లాల దగ్గర ఆ చీటీలు పెట్టిన పిల్లాడు మా వాడిని వెనక నుంచి తోశాడు. నల్లా అంచు తగిలి కనుబొమ్మ చీలింది. గాంధీ దవాఖానలో నాలుగు కుట్లు వేశారు. కంటికి వేలెడు దూరం, అదృష్టం అన్నారు డాక్టరు. బడిలో సీసీ కెమెరాలు ఉన్నాయి సార్. ఒకటి సరిగ్గా ఫీజు కౌంటర్ మీదికి తిరిగి ఉంటుంది. నల్లాల దగ్గర లేదు.

మర్నాడు బడికి పోతే ఏమన్నారో మీరు ఊహించగలరు. "అయిందేదో అయిపోయింది కదమ్మా, ఇప్పుడు పెద్దది చేసుకోవడం ఎందుకు?" అంటే మొన్నటిదాకా ఏమీ కాలేదు, ఇవాళ అయిపోయింది. ఆ రెండింటి మధ్య మేం రావాల్సిన రోజు ఏదో నాకు చెప్పండి, ఆ రోజు షాపు మూసేసి వస్తాను.

తర్వాత తీర్పు. ఇద్దరి చేతా క్షమాపణ రాయించారు. ఇద్దరి చేతా! కట్టుతో కూర్చుని మా వాడు 'ఇకమీద గొడవ పడను, చమించండి' అని రాశాడు. 'చ' కాదు 'క్ష' అని మేడమ్ దగ్గరుండి దిద్దించారు. ఈ మొత్తం వ్యవహారంలో ఆ బడి శ్రద్ధగా సరిచేసింది అదొక్కటే.

ఇంకో మాట. ఆ పిల్లాడూ పరాయివాడు కాదు. వాళ్లమ్మ సాయంత్రం నా దగ్గరే పప్పు కొంటుంది. వాళ్ల ఇంట్లో రోజూ ఏం జరుగుతుందో బస్తీ అంతా ఎరుగుదుం. దెబ్బలు తిని వచ్చిన పిల్లాడు బడిలో ఎవరి మీద తీర్చుకుంటాడు? వాడినీ ఎవరూ పిలిచి కూర్చోబెట్టి అడగలేదు. అడక్కపోగా, నెల తిరక్కుండా టీసీ చేతిలో పెట్టారు. విద్యా హక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లాడినీ బడి నుంచి తీసెయ్యకూడదట. అందుకని వాళ్ల నాన్న చేత 'మా ఇష్టంతోనే తీసుకుపోతున్నాం' అని రాయించుకున్నారు. చట్టం చెక్కుచెదరలేదు సార్. పిల్లాడు మాత్రం రెండు వీధులవతల ఇంకో బడిలో ఉన్నాడు. అక్కడివాళ్లకి ఎవరైనా ఒక్క ముక్క చెప్పారా? చెప్పడానికి రాసిపెట్టిందేముంది గనక.

అదే చట్టం 17వ సెక్షన్ బెత్తం తీసేసింది. మంచిదే. నా వీపు మీద ఇప్పటికీ ఉంది మా లెక్కల సారు గుర్తు, దాంతో నాకు లెక్కలేమీ రాలేదు. కానీ బెత్తం తీసేసిన చేతిలో ఏం పెట్టారు? 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది, వంద మంది, ఆపైన పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో ఒక కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని. విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో ఇచ్చిన తీర్పు అది. మా బడిలో క్లాసుకు నలభై మంది. కౌన్సిలర్ ఎవరండీ అంటే పీఈటీ సారును చూపించారు. ఆయన మంచివారే, కానీ పొద్దున ప్రేయర్‌కి విజిల్ వేయాలి, మధ్యాహ్నం బస్సులు లెక్కపెట్టాలి, సోషల్ టీచరు రాని రోజు సోషల్ చెప్పాలి.

ఫీజు రెండు రోజులు లేటైతే మెసేజ్ వస్తుంది, తారీఖుతో, పైసలతో సహా. పిల్లాడిని చంపుతా అంటే రాసుకునే పుస్తకం లేదు. ఎవరు అన్నారు, ఎప్పుడు అన్నారు, ఎవరికి చెప్పాం, వాళ్లేం చేశారు. ఇంతే కదా సార్, నాలుగు గళ్ల రిజిస్టరు. నా షాపులో అప్పుల పుస్తకానికే అయిదు గళ్లుంటాయి.

రిజిస్టరు పెట్టించండి. చీటీ తెచ్చిన రోజే ఇద్దరు పిల్లల తల్లిదండ్రులనూ పిలవమనండి. తోసినవాడిదీ పడ్డవాడిదీ ఒకటే తప్పని రాయించడం ఆపమనండి. ఆ రెండో పిల్లాడితో మాట్లాడే మనిషిని ఎవరినైనా పంపండి, వాడు ఇప్పుడు చదువుతున్న బడికే. ఇంకేం అడగాలో నాకు తెలీదు, చదువుకున్నవాళ్లు మీకు చెప్తారు. ఏదో ఒకటి చెయ్యండి సార్, దండం పెడతాను.

మా వాడు బడికి పోతున్నాడు. నల్లాల దగ్గరికి మాత్రం పోవడం లేదు. ఇంటి నుంచి రెండు బాటిళ్లు మోసుకుపోతున్నాడు.

నాలుగో అర్జీ వచ్చే సోమవారం ప్రజావాణిలో ఇస్తున్నాను. దయచేసి దాన్ని వెంటనే పరిష్కరించకండి. ముందు చదవండి.

ఇట్లు,
ఒక ఎనిమిదో తరగతి పిల్లాడి అమ్మ,
ముషీరాబాద్, హైదరాబాద్